పిల్ల ఎత్తు దాకా

ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు
పంకజాక్షి టీచరు రెండే షరతులు పెట్టింది.
రాత్రిపూట బోరు వెయ్యకూడదు.
మొక్కల మీద చెయ్యి వెయ్యకూడదు.
అప్పటికి జోషిత ఇంకా బోర్లా పడలేదు.
సరేనండీ అన్నాను.

ఆమదాలవలసలో, స్టేషనుకి పిలుపు దూరంలో
ఆగి చూడకుండా ఎవరూ దాటిపోని పెరడు అది.
గేటు మీద కాగితప్పూల పొద,
గోడ వారన కలివి కంచె,
నూతి దగ్గర నిమ్మ, కిటికీ కింద నాటుగులాబీ,
మలుపులో బల్లేలు పట్టుకుని కిత్తనార.
అద్దె తక్కువని చేరిపోయాను గానీ
ముళ్ళు లెక్కేసుకోలేదు.

ఏడాది నిండింది. పిల్ల లేచి నిలబడింది.
నిలబడ్డ పిల్లకి పట్టుకోడానికి ఏదో ఒకటి కావాలి.
కుర్చీ కాలు, నా లుంగీ అంచు, వీధికుక్క తోక,
ఆ తర్వాత గులాబీ కొమ్మ.

చిటికెన వేలి మీద ఆవగింజంత ఎరుపు.
"ఉఫ్, ఉఫ్, పోయింది, పోయింది" అంది ఉషావతి.
ఊదిన గాలికో, అమ్మ మొహం అంత దగ్గరికొచ్చినందుకో
పిల్ల నవ్వేసింది.
మాకే నిద్ర పట్టలేదు.
"ఇల్లు మారిపోదామా?"
"మారితే అక్కడ మెట్లుంటాయి.
ఈ గుంట ఊరుకునే గుంట కాదు.
ఏటి సేస్తావో నువ్వే సెయ్యి."

ఆఖరి పాసింజరు కూత వినిపించాక
సెల్లు లైటు పళ్ళతో కరుచుకుని
గులాబీ ముందు గొంతుక్కూర్చున్నాను, దొంగలాగ.
గులాబీ ముల్లుని లాగితే పొడుస్తుంది,
బొటనవేలితో పక్కకి నెడితే
టిక్కుమని ఊడొస్తుంది.
ఒక్కొక్కటే, కింది నుంచి,
పిల్ల చెయ్యెత్తితే అందేంత వరకూ.
నా లుంగీ ముడికి బెత్తెడు కిందకొచ్చి ఆగాను.
ఊడినవన్నీ అగ్గిపెట్టెలో వేశాను.
నేల మీద వదిలితే చేతులు తప్పించుకున్నది
పాదాలకి తగుల్తుంది.
నిమ్మ మాత్రం లొంగలేదు.
దాని ముల్లు అతుక్కున్నది కాదు,
కట్టెలోంచి పుట్టింది.

తెల్లారి చూస్తే గులాబీ దగ్గర టీచరు,
కళ్ళజోడు సవరించుకుంటూ కొమ్మ నిమురుతోంది.
"బోరు వెయ్యలేదండీ" అన్నాను,
ఎవరూ అడక్కుండానే.
ఆవిడ తల తిప్పలేదు.
"మీరు గుడ్లు తింటారా?"
"తింటామండీ... వాసనొస్తోందా?"
"పెంకులు పారెయ్యకండి.
కడిగి, ఆరబెట్టి ఉంచండి."

ఆదివారం నేను పెంకులు తొడుగుతుంటే
తాను ముట్టుకోకుండా గొడుగు కొసతో చూపించింది.
"అదిగో, ఆ కొస. కాదు, దాని వెనకది."
కిత్తనార బల్లేలన్నిటికీ తెల్ల టోపీలు వచ్చాయి.
పాలు కారే ముళ్ళ కుండీ మేడెక్కింది.
"కంట్లో పడితే ఎవరిదయ్యా పూచీ?"
గేటు మీద పొద భుజాల దాకా క్షవరం చేయించుకుంది.

అంతా అయ్యాక, గోడ పట్టుకుని,
మోకాళ్ళని తిట్టుకుంటూ
ఆవిడ నేల మీద చతికిలబడింది.
పిల్ల పక్కన, పిల్ల కళ్ళంత ఎత్తులో
తన పెరడంతా ఒకసారి చూసుకుంది.
"ఇక్కణ్ణుంచి పూలే కనపడవేమిటోయ్" అంది.
"ముప్పై ఏళ్ళు ఒకటో తరగతికి చెప్పాను నేను."
అంతకంటే ఏమీ అనలేదు.
లేవడానికి చెయ్యి అందిస్తే
కాసేపు ఉండనియ్యమంది.

పక్కింట్లో పిల్లాడి ఎత్తుకి తలుపు మీద గీతలు గీస్తారు.
మాకు గులాబీ కొమ్మే.
నున్నదనం నెలనెలా పైకి పాకుతోంది,
లుంగీ ముడి దాటి బొడ్డు దాకా వచ్చింది.
నిమ్మ సంగతి ఇంకా తేలలేదు.
పాత దోమతెర చుట్టాం, గాలికి ఊడిపోతోంది.
ఎవరో ఒకరం అక్కడ కూచోవడమే ఇప్పటికి ఉపాయం.

ఈ పొద్దున జోషిత
గులాబీ దగ్గర ఆగిపోయింది.
ముల్లు ఊడిన చోట కొమ్మ మీద గోధుమరంగు మచ్చ.
దాని మీద వేలు పెట్టి
"అబ్బు?" అంది నా వైపు తిరిగి.
ఏం చెప్పాలో తెలీక అవునన్నాను.
మూతి ముందుకు చాపి
కొమ్మని ఊదింది, ఉఫ్.
కింద ఇంకో మచ్చ, ఉఫ్.
దాని పక్కది.
పార్సిలాఫీసుకి టైమైపోతోంది.
మచ్చలు చాలా ఉన్నాయి.