మూడొందల గంటలు

నరసాపురంలో రొయ్యల కోల్డు స్టోరేజీ వెనక
తారు డ్రమ్ములో ఒక ఆపిల్ చెట్టు.
కడియపులంకలో సగం ధరకి వచ్చిందని
కంప్రెసరు మేస్త్రి మావుళ్ళు
ఐసు వ్యాన్లో పట్టుకొచ్చాడు, నాలుగేళ్ళ కిందట.

నాలుగేళ్ళూ ఆకులే.
మొగ్గలు ఉన్నాయి, ఉండడమైతే ఉన్నాయి,
పొలుసులు కప్పుకుని, ముడుచుకుని,
పిలిస్తే ఊఁ అనకుండా.

అంట్లు కట్టే సోమాలమ్మ ఒకదాన్ని గోటితో చీల్చింది.
"బతికే ఉంది, లోపలంతా పచ్చి.
దీనికి మీరు చలి బాకీ పడ్డారు."

మొగ్గలో ఒక ఆమ్లం ఉంటుందట,
గుమ్మానికి అడ్డంగా మంచం వేసుకున్న ముసలాయనలా.
గంట గంట చలికీ ఆయన పట్టు సడలాలట.
మన పుష్యమాసపు చలి ఏ మూలకి?
ఆయన దుప్పటైనా సర్దుకోడు.

మావుళ్ళు ముందు అడ్డదారి తొక్కాడు.
పాలకొల్లు మందుల కొట్లో జిబ్బరెల్లిన్ పొడి కొని
దక్షిణం కొమ్మకి దూదితో అద్దాడు.
కొమ్మ జానెడు సాగింది.
ఆకు. మళ్ళీ ఆకే.

ఆ తర్వాత గోడకి కన్నం పెట్టాడు.
నాలుగు డిగ్రీల గదిలోకి, రొయ్యల ట్రేల మీదుగా
ఒక్క కొమ్మని దూర్చి చుట్టూ గోనె కుక్కాడు.
చెట్టు బయట, చెయ్యి లోపల,
నాడి చూపించుకుంటున్నట్టు.

లెక్క నాది. రాత్రి డ్యూటీ గుమాస్తాని.
ఐసు దిమ్మల పద్దు పక్కన ఇంకో గడి గీశాను.
కరెంటు పోయి గది వేడెక్కిన రాత్రికి
పదకొండు గంటలు కొట్టేశాను.
మూడొందలు చాలన్నారు. మూడొందల పన్నెండు ఇచ్చాం,
తూకంలో మొగ్గు చూపినట్టు.

మాఘంలో కొమ్మని బయటికి లాగాం. ఒళ్ళంతా రొయ్యల వాసన.
పదిహేడో నాడు తెల్లారగట్ల
టార్చి పట్టుకుని మావుళ్ళు ఒకటే కేక.
ఐదు పూలు. అంచుల్లో గులాబీ జీర.
గోనె కుక్కిన చోట, గీత గీసినట్టు, ఆగిపోయాయి.
ఇవతలి మొగ్గలు అదే వేరు నీళ్ళు తాగుతూ
అలాగే నిద్ర.
"ఏ మొగ్గ చలి ఆ మొగ్గదే" అంది సోమాలమ్మ,
వక్క నములుతూ.

పిందె నిలవలేదులెండి. అది వేరే సంగతి.

ఆ పొద్దున రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళు వరసగా వచ్చి చూశారు.
నూకాలు తిమ్మిరెక్కిన వేళ్ళు పూల పక్కన పెట్టి
నా వైపు తిరిగింది:
"గుమాస్తాగారూ, పదేళ్ళుగా ఐసులోనే ఉన్నాయివి.
ఎన్ని గంటలయ్యాయో కాస్త చూసి చెప్పండి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
ఆ గడి నా పుస్తకంలో లేదు.
సైరన్ మోగింది. రబ్బరు తొడుగులు
పళ్ళతో లాక్కుని తొడుక్కుంటూ
ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.