దుబాసీ

రాత్రి రెండున్నర.
క్లాక్స్‌విక్ రేవులో గాలికి నిలవలేని పడవలు
తాళ్ళు కొరుకుతున్నాయి.
ఐదింటికల్లా మూడో పంజరంలోని చేపల మీద
పేలు ఎన్నున్నాయో లెక్క చెప్పాలి నేను.
సాల్మన్ పేలు. నవ్వకండి, నా జీతం అదే.

ఫోటోల్లో పేలు ఏరే పనిముట్టు ఒకటుంది,
కిటికీలూ బొమ్మలూ లేనిది,
నల్ల తెర మీద మాటకు మాట.
దానికొక సాయగాడు కావాలి.
వాణ్ణి తనే నెట్‌లోంచి దించుకుని
మూల గదిలో కూర్చోబెట్టుకుంటుంది.
"దిగుమతి పూర్తయింది" అంది.
మరుక్షణం "అలాంటి ఫైలు లేదు" అంది.

చూశాను. ఉంది.
పదకొండు మెగాబైట్లు, నడిచే అనుమతి, ఈ రాత్రి తేదీ.
పేరు కూడబలుక్కుని మళ్ళీ కొట్టాను.
లేదు.
గుమ్మంలో నిలబడ్డ మనిషిని పట్టుకుని
ఆయన ఇంట్లో లేరండీ అన్నట్టు.

ఈ యంత్రాన్ని కట్టిపోయినవాడు హోగ్ని,
ఇప్పుడు ట్రాలర్ మీద గ్రీన్‌లాండ్ వైపు, ఫోనెత్తడు.
వాడు కట్టిన ఊళ్ళో ఉమ్మడి వంటిల్లు లేదు.
ఏ ప్యాకేజీ పొయ్యి దానిదే.
ఏ అర గుమ్మం చూసినా
నోరు తిరగని ముప్ఫై రెండక్షరాల ఇంటిపేరు.
ఒకరి ఉప్పు ఒకరికి అంటదు.
బాగుందిలే అనుకున్నాను, పని పడనంతవరకు.

సాయగాడి పొట్ట విప్పి చదివాను.
మొదట్లోనే రాసుంది:
నన్ను లేపాలంటే ముందు నా దుబాసీని పిలవండి,
స్లాష్ లిబ్ అరవైనాలుగు వీధిలో ఉంటాడు.
ప్రతి ఊళ్ళోనూ ఉండే వీధే,
హోగ్ని ఊళ్ళో తప్ప.
లేనిది ఫైలు కాదు, దుబాసీ.
కెర్నెల్‌కి వచ్చింది ఒకటే వాక్యం,
ఎవరు లేకపోయినా అదే అప్పజెబుతుంది.

క్రిసాంతో గుర్తొచ్చాడు.
కిందటి ఫిబ్రవరి, చేపలు కోసే హాల్లో అతని మొదటి పొద్దు.
ఫోర్‌మన్ హానుస్ పేరు తిరగేసి మూడుసార్లు పిలిచాడు,
రాలేదని గీత పెట్టాడు.
ఇలోయిలో నుంచి నాలుగు విమానాలు మారి వచ్చినవాడు
తెల్ల బూట్లతో రెండడుగుల దూరంలో నిలబడే ఉన్నాడు.
గొంతు పెంచితే భాష వస్తుందని హానుస్ నమ్మకం.
ప్యాకింగ్ వైపు నుంచి లిగాయా వచ్చింది,
తడి తొడుగు తీసి
ఇటొక ముక్క, అటొక ముక్క, అంతే.
హానుస్ ఆ గీత మీదే టిక్కు పెట్టాడు.
నేనూ ఉన్నాను అక్కడ, కాఫీ పట్టుకుని.
గీత పెడుతుంటే చూశాను కూడా.

చిరునామా దిద్దే సూది ఒకటుంది, తీశాను.
పాత వీధి ఊడదీసి
హోగ్ని దుబాసీ ఉండే అర పేరు కుట్టాను.
లేచాడు. లేవగానే "జెడ్‌లిబ్ ఏది?" అన్నాడు.
ఆ దారీ కుట్టాను.
నడిచాడు! నాలుగు ఫోటోలు, పదమూడు పేలు.
అంతలో పనిముట్టుకి అనుమానమొచ్చి వాడి తూకం వేసింది.
చెక్‌సమ్ కలవలేదట.
నా కుట్టుపనంతా చెరిపేసి
అచ్చం మొదటివాడిలాంటివాణ్ణే మళ్ళీ దించుకుంది.
"అలాంటి ఫైలు లేదు."

మూడుంపావు.
కుర్చీలో వెనక్కి వాలి కాసేపు గాలి విన్నాను.

వచ్చిన ప్రతివాణ్ణీ దిద్దుకుంటూ కూర్చోలేను,
ఒకడికైనా ఇక్కడ అర ఇవ్వాలి.
ఇరవై రెండు లైన్లు రాశాను:
ఎక్కణ్ణుంచి తేవాలి, ఎంత తూగాలి,
దుబాసీ ఎవరు, ఇరుగు పొరుగు ఎవరు.
రెండుసార్లు సెమీకోలన్ మరిచాను.
మూడోసారికి గుమ్మం మీద
ముప్ఫై రెండక్షరాలు పడ్డాయి.
అప్పుడు పనిముట్టు చెవిలో
ఎన్విరాన్‌మెంట్ మాట ఒకటి వేశాను:
నువ్వు దించుకోకు, మనవాడు ఇక్కడే ఉన్నాడు.

నాలుగూ నలభై. చేపకి సున్నా పాయింట్ మూడు.
పంపేశాను.

సూదితో కుట్టిన ప్రతి ఒకటి పక్కన దాచుకున్నాను,
ఊరికే విప్పి చూశాను.
బరువు కాస్త పెరిగింది.
పాత దారి ఉన్నచోట
వరసగా ఇంటూ గుర్తులు.

ఆరింటికి షిఫ్టు మారుతుంది.
లిగాయాని అడగాలి,
తొమ్మిదేళ్ళ కిందట ఆమె మొదటి పొద్దున
తొడుగు తీసి వచ్చిందెవరో.