గడ్డం ఇక్కడ ఆనించండి

టౌన్స్‌విల్‌లో మా కళ్ళజోళ్ళ దుకాణానికి
మంగళవారం మూడోవాడు బ్రోడీ హాస్కెట్.
నలభై ఒకటి. దగ్గరి అక్షరాలు అలుక్కుపోతున్నాయట.

"గడ్డం ఇక్కడ ఆనించండి, నుదురు పట్టీకి తగలనివ్వండి"
రోజుకు ముప్పైసార్లు నా నోట అరిగే మాట.
అతను ఆనించలేదు.
కుర్చీలోంచి లేచి ఇటు తిరిగొచ్చి
యంత్రాన్ని నా వైపు నుంచి చూశాడు,
మానేసిన పని తాలూకు పనిముట్టు
మళ్ళీ కంటపడ్డవాడిలా.

"మాది ఇంకా చిన్నది. ఒంటిచేత్తో పట్టేవాళ్ళం.
ఎండకి తెర కనిపించేది కాదు,
వాళ్ళ మొహానికి నా అరచేత్తో నీడ పట్టేవాణ్ణి.
దూరం నుంచి ఎవరైనా చూస్తే
దీవిస్తున్నాననుకుందురు."

ఉరుజ్గాన్. మట్టిగోడ వెంట మగవాళ్ళ వరస.
ఊరంతటికీ నాలుగే పేర్లు. పుట్టినరోజు అడిగితే
ఫలానా కరువు ఏడాది అనేవారు.
అందుకని పది వేళ్ళు, రెండు కళ్ళు, ఒక మొహం,
చివర ఒక అంకె.
ఆకుపచ్చ వెలిగితే వెళ్ళిపోవచ్చు.
వెళ్ళిపోవచ్చంటే,
లోపల ఉండిపోయి వెళ్ళిపోవచ్చు.

ఆపైన వాళ్ళెక్కడికి పోయినా తెలిసేది.
బజారు వంతెన మీద ఆపి, కన్ను చూసి,
"గురువారం ఏటి అవతల ఉన్నావుగా, ఎందుకు?" అంటే
ఆ మనిషి తన మేకని, చెప్పుల్ని, ఆకాశాన్ని చూసేవాడు,
ఎవరు చెప్పారా అని.
తన కన్నే చాడీ చెప్పిందని ఎవరనుకుంటారు.

కాలవలు తవ్వే ముసలాయనకి వేళ్ళు పడలేదు.
తడిపారు, తుడిచారు, నొక్కారు.
వేళ్ళు లేవంది యంత్రం.
పదీ చాపుకుని ఆయన అలాగే నిలబడ్డాడు.
(నాకు మా ఊరి రేషన్ షాపు గుర్తొచ్చింది.
పత్తి తీసిన బొటనవేళ్ళు, కొబ్బరినూనె సీసా,
రేపు రా అమ్మా అనే డీలరు.
మా దగ్గర వేలు పడకపోతే బియ్యం రావు.
అక్కడ పడకపోతే ఏం వస్తుందో నేనడగలేదు.)

ఒక పిల్లాడు అడిగాడట, లోపల నేను కనిపిస్తున్నానా అని.
దుబాసీ నవ్వి, పని పూర్తయ్యాక తర్జుమా చేశాడట.

ఇంకొకతను పుచ్చకాయ కోసి పెట్టాడు.
గోరింటాకు రంగు గడ్డం, ఎడమ కంట్లో చిన్న పువ్వు.
మూడు నెలలకి ఒక గట్టు పక్కన
దుప్పటి తొలగించి
అతని రెప్పని వేలితో ఎత్తి పట్టుకోవాల్సొచ్చింది.
పోయినవాడి కన్ను కూడా కాసేపు పలుకుతుంది.
పెట్టె కూత పెట్టింది: దొరికాడు.
"నేను ఎక్కించిన అంకే.
అతనే జాబితాలో ఉన్నాడో, చంపింది మావాళ్ళో వాళ్ళవాళ్ళో
ఆ తెరమీద ఉండదు.
దొరికాడు అనే ఉంటుంది."

ఆ పెట్టెలు ఇప్పుడెవరి చేతిలో ఉన్నాయని
అడగబోయేలోపు అతనే అన్నాడు, తెలీదని.
ఎండలో ఇప్పుడు ఎవరు నీడ పడుతున్నారో
అదీ తెలీదని.

తరువాత బుద్ధిగా గడ్డం ఆనించాడు.
నీలం కళ్ళు, కుడిదానిలో ఏడో అంకె దగ్గర గోధుమ మచ్చ.
"రెప్ప వెయ్యకండి" అన్నాను.
"వాళ్ళ భాషలో నాకొచ్చిన మాట అదొక్కటే"
అన్నాడు, కదలకుండా.

ఫోటో తనంతట తనే బ్రిస్బేన్‌కి వెళ్ళిపోయింది.
"ఎన్నాళ్ళుంచుతారు?"
ఏడేళ్ళనుకుంటా, అన్నాను. అనుకుంటా.
ఒప్పుకోలు కాగితం మొత్తం చదివాడు,
ఆనని అక్షరాల్ని చెయ్యంత దూరం జాపి పట్టుకుని.
అప్పుడు సంతకం పెట్టాడు.

నాలుగోవాడు ఇంగమ్ నుంచి చెరుకు రైతు, సాంటో పవెట్టి.
పేరు మీద నొక్కమని పలక ఇచ్చాను. వేలు పడలేదు.
చొక్కాకి తుడుచుకున్నాడు. పడలేదు.
నాకేసి చూసి, తన తప్పయినట్టు, నవ్వాడు.

ఉండండి, పెన్ను తెస్తానన్నాను.
గడ్డం మాట ఇంకా ఎత్తలేదు.