సొంతవాక్యం

ఎనిమిదో తరగతి, బీ సెక్షను.
నల్లబల్ల మీద "తెగువ" అని రాసి
సొంతవాక్యంలో ప్రయోగించండి అన్నాను.
ఉరవకొండలో మధ్యాహ్నం మూడు గంటలు.
కరెంటు లేదు.
కొండ నీడ ఇంకా బడి గోడ దాకా రాలేదు.

అర్థం చెప్పండి సార్, అన్నారు.
ధైర్యం అన్నాను. సాహసం అన్నాను.
చెప్పేకొద్దీ పదం పలచబడింది
నీళ్లెక్కువైన మజ్జిగ లాగ.

రాత్రి దిద్దడానికి కూర్చున్నాను.
పైనున్నది ఎర్రిస్వామి పుస్తకం:
"మా నాయన మగ్గంలో పోగు తెగువ అయితే ముడి వేస్తాడు."
తప్పు, అని ఎర్రసిరాతో కొట్టేశాను.
కొట్టేశాక చెయ్యి ఆగింది.
తెగడంలోంచే కదా ఈ మాట పుట్టింది.
లోపల ఏదో పోగు తెగితేనే కదా
మనిషి ముందుకు పడేది.
కొట్టివేతను కొట్టేయడం ఎట్లాగో తెలీక
పక్కన అర మార్కు వేశాను.

మద్దిలేటి సంతలో ఎనుము బేరం తెగువ కాలేదన్నాడు.
బేరం తెగకపోతే
ఆరు కిలోమీటర్లు దాన్ని మళ్లీ ఇంటికి నడిపించాలి,
వాడికి తెలిసిన తెగడం అది.
లాలెప్ప, తెగులు అనబోయి,
శెనక్కాయకు తెగువ పట్టిందని రాశాడు.
ఆ ఏడు వాళ్ల చేనికి రెండూ పట్టినాయి.
అప్పు తెచ్చి మందు కొట్టినారు.

ఒకడు మాత్రం గైడు చూసి రాశాడు:
"సైనికులు తెగువతో పోరాడిరి."
తప్పేమీ లేదు. రెండుకి రెండు.
ఆ వాక్యంలో ఎవరి ఇల్లూ లేదు.

అడుగున మారెక్కది.
బోరుబండి వాళ్లు పంచిన క్యాలెండరు కాగితంతో అట్ట.
ఒక వాక్యం అడిగితే పేజీ నిండా రాసింది:

"మా నాయన నాలుగు బోర్లు ఏపించినాడు.
నాలుగిట్లోనూ దుమ్మే లేసింది.
వానికి తెగువ ఎక్కువ అంటారు ఊర్లో.
తెగించినోనికి తెడ్డే లింగం అంటాడు మా నాయన.
ఐదోదానికి ఒకాయన
టెంకాయ అరిచేతిలో పెట్టుకోని చేనంతా తిరిగినాడు.
టెంకాయ లేసి నిలబడిన చోట సున్నం పోసినారు.
రాత్రి బండి వచ్చింది.
మా యమ్మ పోయి ఆ సున్నం మీద కూచున్యాది.
లెయ్యమంటే లెయ్యల్యా.
వచ్చిన డీజలు ఖర్చు ఎవరిస్తారని బండోళ్లు గలాట చేసినారు.
మా యమ్మ కమ్మలు తీసిచ్చి పంపించింది.
ఆ పొద్దు నుంచి మా నాయన మాట్లాడల్యా."

కింద గీత గీసి, విడిగా:
"సార్, తెగువ మా నాయనదా, మా యమ్మదా?"

పెన్ను మూత పెట్టాను. తీశాను. పెట్టాను.
నిఘంటువు దించి చూస్తే
ఆ మాటకు ఎదురుగా ఒకటిన్నర వరస ఉంది,
కమ్మల సంగతి లేదు.
నేనా, బదిలీ అర్జీ పెట్టడానికి
మూడేళ్లు ఆలోచించినవాణ్ణి.
ఏ మొగంతో మార్కులు వెయ్యను?

శనివారం అందరి పుస్తకాలూ ఇచ్చేశాను.
నీది ఇంకా దిద్దలేదు, అన్నాను మారెక్కతో.
సరే సార్, అంది. నమ్మలేదు.

ఆదివారం వేరే పని ఉన్నట్టు
ఆమిద్యాల దిక్కు పోయి
దోవ తప్పినట్టు వాళ్ల చేను గట్టెక్కాను.
సున్నం ఇంకా ఉంది.
వాన పడితే కదా చెరిగేది.
దాని కింద నీళ్లున్నాయో
ఇంకో ఆరొందల అడుగుల దుమ్ముందో
ఇంక ఎవరికీ తెలీదు,
టెంకాయ పట్టుకున్న ఆయనతో సహా.

ఆమె అవతల కంప కొడుతోంది,
చెవి బెజ్జాల్లో చీపురుపుల్లలు.
కొడవలి కింద పెట్టి, చేతులు దులుపుకొని,
ఎవరు నువ్వు అనకుండా,
నీళ్లు తాగుతావా నాయనా
అని అడిగింది.