రేడియేటర్ వెనక చేప

దాగ్‌బ్యోర్త్ ఫోన్ చేసింది
నలభై మూడేళ్ళకి.
"నేనే" అంది. పేరు చెప్పలేదు.
జలుబు గొంతుని బట్టి పోల్చుకున్నాను,
అది హైస్కూల్లో పట్టిన జలుబు,
ఇంకా వదిలినట్టు లేదు.

మంగళవారం పొద్దున్న, మునిసిపల్ ఈతకొలను,
రెండో వేడినీళ్ళ తొట్టి.
మా ఇసాఫ్యోర్దుర్‌లో నలుగురూ కలవాలంటే అంతే మరి.
హోటలైతే డబ్బులు కావాలి, ఇల్లయితే ఊడ్చుకోవాలి,
తొట్టికి ఒట్టి ఒళ్ళు చాలు.

చాలు అనుకున్నాను గానీ
ముందురోజు రాత్రి అద్దం ముందు నిలబడి
పొట్ట లోపలికి లాగి అంకెలు లెక్కపెట్టాను.
పదకొండు దాకా ఆగింది.
గట్టు మీంచి నీళ్ళలోకి దిగడానికి
పదకొండు సరిపోతాయి.

బయట మంచు. లోపల నలభై డిగ్రీలు.
కళ్ళజోళ్ళన్నీ లాకర్లలో.
ఆవిరిలో తలకాయలు మాత్రం
ఉడుకుతున్న బంగాళాదుంపల్లా తేలుతున్నాయి,
ఏది ఎవరిదో గొంతు విప్పితేగానీ తెలియదు.

హాల్వేయిగ్ తన మోకాళ్ళ గురించి చెబుతోంది,
ఒకప్పుడు అబ్బాయిల గురించి చెప్పినంత శ్రద్ధగా.
ఎడమది నమ్మదగిందిట, కుడిది మాట తప్పుతుందిట.
ఏవిందుర్ చేతి గడియారం వాణ్ణి నిన్న మెచ్చుకుందట,
"రాత్రి హాయిగా నిద్రపోయారు" అని.
"నిద్రెక్కడిది, కదలకుండా పడుకుని
బ్యాంకు అప్పు లెక్కపెట్టుకున్నాను" అన్నాడు.

థోర్ఫిన్నుర్ రాలేదేమని ఎవరూ అడగలేదు.
ఆ పడవ సంగతి ఊరందరికీ తెలుసు.
అయినా అనుకోకుండానే తలా కాస్త జరిగి
ఒక మనిషి పట్టే చోటు వదిలేశాం.

ఆ చోటులోకి ఓ తలకాయ దిగింది.
"ఆలస్యమైంది" అంది.
ఆలస్యమంటే బార్దురే! పరీక్షలకి కూడా
ప్రశ్నలన్నీ చల్లారాకే వచ్చేవాడు.

అప్పుడు దాగ్‌బ్యోర్త్ గొంతు సవరించుకుంది.
ఇదడగడానికే ఫోన్లు చేసిందని నా అనుమానం.
"ఫిజిక్స్ గదిలో రేడియేటర్ వెనక
చేప పెట్టింది ఎవరు?"

మూడు వారాల కంపు అది.
క్లాసు క్లాసంతా పారలు పట్టి
చర్చి దాకా మంచు ఎత్తిపోసిన శిక్ష అది.
మేష్టారు కళ్ళు మూసుకునే దాన్ని పేపర్లో చుట్టి
రేవులో పారేశారు, ఏ చేపో కూడా ఎవరూ చూళ్ళేదు.

దొంగ అనగానే భుజాలు తడుముకోవాలి కదా,
అందరి భుజాలూ నీళ్ళలోనే ఉన్నాయి.
ఒకరిద్దరు నీళ్ళు నమిలారు, అక్షరాలా.

"నేనే" అన్నాడు బార్దుర్.

నా గుండె ఓ లెక్క తప్పింది.
తిట్లు, నవ్వులు, వాడి మొహాన దోసిళ్ళకొద్దీ నీళ్ళు.
"నలభై మూడేళ్ళు మా ఆయన్ని అనుమానించాను కదరా!"
అని దాగ్‌బ్యోర్త్ ఏడ్చింది, లేకపోతే ఆవిరి.

పైకొచ్చి, గజగజ వణుకుతూ,
కళ్ళజోడు పెట్టుకుని చూద్దును కదా
ఆ మనిషిని నేను జన్మలో చూళ్ళేదు.
పేరు హ్యోర్లేయివుర్ అట. తూర్పు తీరం.
కొలను పైపులు బాగుచెయ్యడానికొచ్చిన ప్లంబర్.

"మరెందుకయ్యా ఒప్పుకున్నావు?"
"ఆవిడ అంత ఆశగా అడిగితే ఏం చెయ్యను?
పైగా అబద్ధం కాదు, మా బళ్ళో పెట్టింది నేనే. కాడ్ చేప."

"మాది హాడక్" అన్నాను,
అని, నాలుక కరుచుకున్నాను.

ఆయన తువ్వాలు మెళ్ళో వేసుకుని
నా వైపు చాలాసేపు చూశాడు.
ఏమీ అనలేదు.
"వచ్చే మంగళవారం కూడా ఇక్కడే ఉంటాను,
ఆ వాల్వు ఇంకా కారుతోంది" అన్నాడు.