ఎలా పోయాడు?

నలభై రోజులు ఆగి వెళ్లమని నేర్పారు మాకు.
ఏడుపు తడి ఆరాక,
జ్ఞాపకం తడి ఆరకముందు.

అగోగో ఎస్తేలే గడప ముందు చాప పరిచింది,
ప్లాస్టిక్ మగ్గుతో నీళ్లిచ్చింది.
సరస్సు వైపు నుంచి ఎండుచేపల వాసన.
ఒళ్లో ఫారం పెట్టుకుని అడిగాను:
"లుఫేయో ఎలా పోయాడు?"

"సైకిల్ మీద పోయాడు."

నేనేం రాయలేదు.
అవ్వ నా కలం వైపు చూసింది.
"రాయవేం? సైకిల్ మీదే పోయాడు.
చీకటితోనే లేచి, గంజి తాగి,
వెనక సీటు గుడ్డతో తుడుచుకుని,
ఎవరిదో బస్తా కట్టుకుని పోయాడు.
రోజూ అలాగే పోయేవాడు.
రోజూ వచ్చేవాడు."

మా జిల్లాలో సైకిలే టాక్సీ.
వెనక చక్రం మీద దిండు కట్టి
పెళ్లికూతుళ్లనీ పురిటి నొప్పులనీ
కాళ్లు కట్టిన మేకల్నీ మోసే కుర్రాళ్లు.
వాళ్లని ఎవరు మోసుకొచ్చారో
ఎక్కడా రాసి ఉండదు.

ఊరిపెద్ద నోటుపుస్తకం ముందే చూసి వచ్చాను.
లుఫేయో, ఇరవై రెండు, జ్వరం.
ఆయన్ని తప్పుపట్టను.
ఆ పేజీలో పైన అందరికీ జ్వరమే,
చెయ్యి అలవాటున రాసుకుపోయింది.
సరస్సులో మునిగిన పిల్లకీ జ్వరమే.
మామిడికొమ్మ విరిగి పడినవాడికీ జ్వరమే.

ఆసుపత్రి శవాల గది రిజిస్టర్లో: తలకు దెబ్బ.
దెబ్బ దానంతటదే నడిచొచ్చి తగిలినట్టు.
లారీ లేదు, వేళ లేదు, చోటు లేదు.

జిల్లా కాగితంలో అతను "ఇతరములు".
రాజధాని చేరేసరికి
ఆ నెల ఇతరములు పదిహేడు.
అందులో అతను పదుల స్థానంలో ఉన్నాడో
ఒకట్ల స్థానంలో ఉన్నాడో
నాకు తెలియదు.

"అవ్వా, ఆ రోజు ఏం జరిగింది?"

గింజల మీదికొచ్చిన కోడిని అదిలించింది.
మగ్గులో మిగిలిన నీళ్లు మొక్క మొదట్లో పోసింది.
"వంతెన మీద. ఎదురుగా చెరుకు లారీ.
ఎడమ పక్క కడ్డీ వరదకి కొట్టుకుపోయి మూడేళ్లు.
లారీకి దారి ఇచ్చాడు.
ఇచ్చిన పక్కన నేల లేదు."

నా చెయ్యి ఆగిపోయింది.
ఈ మాటే, వేరే గొంతుతో,
మే నెలలో ఒక భార్య చెప్పింది.
వానలకి ముందు ఒకడు, తమ్ముణ్ణి పోగొట్టుకున్నవాడు,
నా మొహం చూడకుండా చెప్పాడు.
ఒకరికొకరు ఎవరో తెలియదు.
ముగ్గురికీ కలిపి ఒకే కడ్డీ.

ఫారం అడుగుతుంది: రోడ్డు ప్రమాదమా?
అవును, కాదు, తెలియదు.
కడ్డీకి గడి లేదు.
అంచున రాశాను, సన్నగా, నిలువుగా, కాగితం తిప్పి.
గడి దాటిన సిరా కంప్యూటర్‌కి కనబడదంటాడు
మా సూపర్‌వైజర్ చిర్వా.
కనబడకపోనీ.
మూడు ఫారాలూ ఒకే పిన్ను కింద పెట్టి
ఆయన బల్ల మీద నేనే పెడతాను.

"బ్రేకులు పనిచేశాయని కూడా రాయి," అంది అవ్వ.
చితెంజె కొంగుముడి విప్పి
మడతలు పడ్డ రసీదు తీసింది.
మంగళవారమే కొత్త రబ్బర్లు వేయించాడట.
"తాగి తొక్కాడంటున్నారు బజార్లో.
తాగాడు. గంజి తాగాడు.
అది రాయి."

రాశాను.

చివర్న చదివి వినిపించాలి, అది నియమం.
కళ్లు మూసుకుని వింది,
పెదవులు నా వెనకే కదులుతూ.
వంతెన దగ్గర కదలడం మానేశాయి.
ఆ తర్వాతి వాక్యం దగ్గర చెయ్యెత్తింది.

"బస్తా బొగ్గు కాదు.
బొగ్గని ఎవరన్నారు నీకు?
మొక్కజొన్న తవుడు. కొట్టెయ్."

కొట్టేశాను.

"ఇప్పుడు మళ్లీ
మొదట్నుంచి చదువు."