ముక్కబండల మీద ఊరు

కాలనీలో ఇళ్ళకు నంబర్లున్నాయి.
మాది నూట పదిహేడు.
పోస్టుమ్యాన్ తప్ప దాన్ని ఎవరూ పలకరు.

ఎర్రగుంట్ల దారిలో పాలిష్ ఫ్యాక్టరీ వాళ్ళు
పనికిరావని పారబోసిన కడప బండ ముక్కల్ని
వడ్డె తిరుపాలు మామ
సైకిల్ క్యారియరుకు కట్టుకొని తెచ్చేవాడు,
రోజుకు రెండు,
టైర్లలో గాలుంటే మూడు.
ముప్పై ఏండ్లు రోళ్ళకు కక్కు కొట్టిన ఉలి ఆయనది.
మిక్సీలొచ్చినాక మంచం కింద ఊరకే పడుండేది.

ఒక మాపటేళ నీళ్ళట్యాంకు పక్కన
ముక్కలన్నీ పరిచి, సున్నపుదారం కొస నా చేతికిచ్చి
"గట్టిగా పట్టుకోరా, ఇది మన వంక" అన్నాడు.
దారం టప్పుమంది.
నల్లబండ మీద తెల్లగా వంక పారింది.

మొదట వచ్చింది దస్తగిరమ్మవ్వ.
చేతికర్రతో బండను పొడిచి
"పీర్ల సావిడి ఈడగాదురా, గుండానికి పడమటిపక్క!
నిప్పుల్లో నడిచినోడు నా మొగుడు, నాకు తెల్దా?"
మామ మారుమాట్లాడలేదు.
ఉలిగీత చెరిపితే పోయేది కాదు గదా,
ఆ ముక్కను తీసి ఇంకోటి పరిచాడు.
తీసిన ముక్క ఇప్పుడు అవ్వ వాళ్ళ జాలాట్లో ఉంది.
దినామూ దాని మీదే కాళ్ళు కడుక్కుంటుంది,
తప్పు సావిడి మీద.

ఆ తర్వాత ఎవరూ ఇంట్లో నిలవలేదు.
గొర్రెల పుల్లన్న తంగేడు పొదలు లెక్కబెట్టి చెప్పాడు,
ఏ పొద కింద ఏ గొర్రె ఈనిందో కూడా.
గోడ కాడ కొట్లాడి మాటలు మానుకున్న అన్నదమ్ములు
బండ మీద గోడకు కూడా కొట్లాడుకున్నారు.
పదేండ్ల తర్వాత అదే వాళ్ళ మొదటి మాట.
మా అమ్మ ఏమీ చెప్పలేదు.
మా మిద్దె గుర్తు పక్కన కూర్చొని
గవాచి ఎంతుండేదో
బొటనవేలూ చూపుడువేలూ చాపి చూపించింది.
మామ ఆ వేళ్ళ సందునే కొలత పెట్టుకున్నాడు.

కాలనీలో పుట్టిన పిల్లోళ్ళు అడిగారు:
"ఇంత పెద్ద బాయి ఉంటే నీళ్ళకెందుకు ఏడ్చినారు?"
బిందెడు నీళ్ళకు రెండు మైళ్ళు నడిచిన ఊరు
కడాకు నీళ్ళకిందే పోయింది.
అది ఎట్లా చెక్కాలో మామకూ తెలీదు.

దక్షిణం మూల ఒక ముక్క మిగిలిపోయింది.
ఆడ ఎవరుండేవాళ్ళని అడిగితే
ఒకరు బీడీ ముట్టించుకున్నారు,
ఒకరికి పాలు పితికే వేళయింది.
రాత్రి ఎప్పుడో దేవదానం వచ్చి
సుద్దముక్కతో పదకొండు గీతలు గీసిపోయాడు.
పదకొండు ఇళ్ళు.
తెల్లారి మామ చానాసేపు గొంతుక్కూర్చున్నాడు.
మబ్బు పట్టింది.
సుద్ద కరిగిపోకముందే ఉలి పట్టుకున్నాడు.
ఆ పొద్దు అన్నానికి కూడా లేవలేదు.

నిన్న రాత్రి వాన.
పొద్దున్నే పోయి చూస్తే
వంకలో నీళ్ళు, గవాచిలో నీళ్ళు,
పావు అంగుళం లోతు బాయిలో నీళ్ళు.
బాయి అంచున ఒక పిచ్చుక తాగుతా ఉంది.
దాని పక్కన బండ మీద
దేవదానం తల్లి మరియమ్మ,
చెప్పులు చేత్తో పట్టుకొని.
ఊర్లో ఆమె ఆ బాయికి అంత దగ్గరగా
ఎన్నడూ రాలేదు.
పిచ్చుక లేచిపోయేదాకా
కదల్లేదు.